ముప్పై ఆరో సంతకం

సైకమోర్ బెండ్‌లో చచ్చిపోయినవాళ్లకు కూడా ఓటుంది. వాళ్లు ఎప్పుడూ వద్దనే వేస్తారు.

ఆ సంగతి నాకు ఆ వేసవి దాకా తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాను. ఇల్లు కొన్న రోజునే కాలనీ కట్టుబాట్ల పత్రం చేతిలో పెట్టారు, పద్నాలుగు పేజీలు. అది వంటింటి సొరుగులో టార్చిలైటు కింద పడి ఉండేది. యాభై నాలుగు ఇళ్లలో దాన్ని చదివినవాడు ఒక్కడే, సంఘం ప్రెసిడెంటు గోర్డన్ పెల్. చదివాడు కాబట్టే ప్రెసిడెంటయ్యాడు. మిగతావాళ్లం గడ్డి కోసుకుని, గురువారం చెత్తడబ్బా బయటపెట్టి, కట్టుబాట్లంటే అంతే అనుకున్నాం.

జూలై మూడో శుక్రవారం జుట్టు కత్తిరించుకోవడానికి ట్వైలా బర్క్‌హార్ట్ గ్యారేజీకి వెళ్లాను. ఆమె ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. అరవై ఒకటో ఏడు. మొగుడు ఎప్పుడో ట్రక్కు తీసుకుని వెళ్లిపోయాడు. ట్రక్కు పోయినందుకు కొన్నాళ్లు బాధపడింది. గ్యారేజీలో ఒక కుర్చీ, ఒక అద్దం, తల కడిగే తొట్టి, చక్రాల స్టూలు. మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి ఆ స్టూలు మీద కూర్చుని మన చుట్టూ దొర్లుతూ కత్తిరిస్తుంది. బయట బోర్డు లేదు. ఎవరు ఎప్పుడు రావాలో అన్నీ తన తలలోనే ఉంటాయి. అందరినీ బంగారం అంటుంది, పోస్టు పంచేవాణ్ని, వాడిమీద మొరిగే కుక్కని కూడా.

ఆ రోజు మెడ చుట్టూ గుడ్డ కట్టాక ఒక ఉత్తరం నా చేతికిచ్చింది.

"చదువు. తల మాత్రం ఎత్తకు."

సంఘం నుంచి వచ్చింది. ఆరో నిబంధన ప్రకారం ఏ ఇంట్లోనూ వ్యాపారం చెయ్యకూడదు. అక్టోబరు ఒకటిలోగా మూసెయ్యాలి. కింద పెల్ సంతకం, స్కేలు పెట్టి గీసినట్టు.

"పంతొమ్మిదేళ్ల తర్వాత కనిపించిందా ఇది వ్యాపారమని?"

"మూలింటికి కొత్తగా వచ్చినవాళ్లు ఫిర్యాదు చేశారట, రోడ్డు మీద కార్లు నిలుపుతున్నారని. మెడ బిగించావు, వదులు చెయ్యి."

"ఊళ్లో ఏదన్నా షాపులో చేరొచ్చుగా."

"రోజుకి పది గంటలు నిలబడాలి. నన్ను స్టూలు మీద దొర్లనిచ్చే షాపువాడు ఎవడున్నాడు?" కత్తెర ఆగింది. "ఈ కుర్చీ పోతే ఈ ఇల్లు నిలవదు, బంగారం. మా చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకోవాలి. దాని ఆరు పిల్లులతో."

నవ్వుతున్నట్టే అంది. అద్దంలో చూశాను. నవ్వడం లేదు.

సాయం చేస్తానని నేనేమీ అనలేదు. నాకు ఆ అలవాటు లేదు. ఇంటికెళ్లి సొరుగు తీసి, పెల్ సంతకమున్న ఇంకో ఉత్తరం బయటికి తీశాను. మూడేళ్ల కిందటిది. మే నెలలో నా భార్య నడీన్‌ని పూడ్చిన వారం వచ్చింది. మా ఇంటి ముందు గడ్డి ఆరంగుళాలు దాటిందనీ, ఇది మొదటి నోటీసనీ. ఆ ఉత్తరం పారెయ్యలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను, కోపం చల్లారిపోకుండా. క్షమించడం నాకు చేతకాదు. నేర్చుకోవాలనీ లేదు.

కాబట్టి నేను చేసినదంతా మంచితనంతో చేశానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లు కౌంటీ మట్టిరోడ్ల మీద గ్రేడర్ నడిపాను. గుంట కనిపిస్తే పూడ్చాలి, మిట్ట కనిపిస్తే చెక్కాలి. పెల్ నా కంటికి మిట్టలా ఉన్నాడు.

ఆగస్టు మొదటి శనివారం సంఘం వార్షిక సమావేశం, మెథడిస్టు చర్చి కింది హాల్లో. తలా ఒక గిన్నె తెచ్చారు. హ్యామ్, బీన్సు, నాలుగు రకాల ఆలుగడ్డ సలాడ్లు. ట్వైలా పీచ్ పళ్ల కేకు చేసుకొచ్చింది. ముప్పై రెండు ఇళ్లవాళ్లు వచ్చారు. ఎప్పుడూ పన్నెండుమంది కూడా రారు.

ఆరో నిబంధన మార్చాలని నేనే లేచి చెప్పాను. రెండు వాక్యాలు. ఒక ఇంట్లో ఒక కుర్చీతో జుట్టు పని చేసుకోవచ్చు, అంతే. పెల్ చేతులెత్తమన్నాడు. ముప్పై ఇళ్ల చేతులు లేచాయి. మూలింటివాళ్లవి లేవలేదు, పెల్‌ది లేవలేదు. పెల్ పక్కన కూర్చున్న వాళ్లావిడ మార్జీన్ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కేకు వైపు చూస్తూ ఉంది.

ఈలలు వేశారు. రెక్స్ ఓడెల్ అనేవాడు, గట్టిగా మాట్లాడటం తప్ప ఇంకోలా మాట్లాడటం రానివాడు, ట్వైలాని కుర్చీతో సహా ఎత్తబోయి నడుం పట్టేసి ఆగిపోయాడు. కేకు కోశారు. తిన్నారు. ట్వైలా ముక్కుపుటాలు ఎర్రబడ్డాయి. పళ్లేలన్నీ ఖాళీ అయ్యాక పెల్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఓటింగు క్రమశిక్షణగా జరిగింది, సంతోషం. అయితే ఇది చెల్లదు."

"ఎందుకు చెల్లదయ్యా?" రెక్స్ అరిచాడు. "మూడింట రెండు వంతులుంటే చాలన్నావుగా. ముప్పై రెండులో ముప్పై!"

"వచ్చినవాళ్లలో రెండు వంతులు కాదు, మిస్టర్ ఓడెల్. మొత్తం ప్లాట్లలో. యాభై నాలుగులో ముప్పై ఆరు. అదీ చేతులెత్తి కాదు. కాగితం మీద, నోటరీ ముందు, ప్రతి యజమాని సంతకంతో."

"మరి రానివాళ్లు?"

"రానివాళ్లు వద్దన్నట్టే లెక్క."

"చచ్చిపోయినవాళ్లో?" వెనక నుంచి ఎవరో నవ్వులాటకి అడిగారు.

పెల్ నవ్వలేదు. "ప్లాటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే వద్దన్నట్టే."

పెల్ ఇంకోటి కూడా చదివాడు. ఈ కట్టుబాట్లు రాసుకుని అక్టోబరు ఒకటికి ముప్పై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు వాటంతటవే ఇంకో పదేళ్లకు పొడిగించుకుంటాయి. మార్పు చెయ్యాలంటే పొడిగింపుకి ముందే రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు కావాలి. లేదంటే మళ్లీ పదేళ్లకి.

"పదేళ్లకి నాకు డెబ్బై ఒకటి," అంది ట్వైలా, ఎవరితోనూ కాదు.

నేను లేచాను. "ఇదంతా కేకు కొయ్యకముందు చెప్పొచ్చుగా?"

పెల్ చేతిలో కాగితం చూసుకున్నాడు. "అజెండాలో కేకు ముందుంది."

ఆ మాట వెటకారంగా అనలేదు. అదే నాకు ఇంకా మండింది. అతను నిజంగానే అంత.

ఆదివారం పొద్దున్న కాఫీ పెట్టుకుని పద్నాలుగు పేజీలూ ముందేసుకున్నాను. నాది ఎనిమిదో తరగతి చదువు. రెండు గదుల బడి, ఎనిమిది తరగతులకీ ఒకే పంతులమ్మ, మిస్ ఓలా ఫింక్. వాక్యం చివర చుక్క దాకా చదివించి, ఎవరు, ఎవరికి, ఏం చెయ్యాలి అని అడిగేది. చెప్పలేకపోతే స్కేలు. ఆవిడంటే నాకు ఇష్టం ఉండేది కాదు, ఇప్పటికీ లేదు. కానీ వకీళ్లు రాసిన వాక్యాన్ని లొంగదీసుకోవడానికి అంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు. మధ్యాహ్నానికి పన్నెండో నిబంధన విడిపోయింది. ప్లాటుకి ఒక ఓటు. ఆ ప్లాటుకి ఎంతమంది యజమానులుంటే అంతమందీ సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా ఆ ఓటు లేదు. సంతకాలన్నీ ఒకే కాగితం మీద ఉండక్కర్లేదు, ఒకే రోజూ పెట్టక్కర్లేదు. కాగితాలు పట్టుకుని ఎవరు తిరగాలో రాయలేదు.

రాయలేదు కాబట్టి నేను తిరిగాను.

ముందు మార్పుని బాగుచేసి రాశాను, అనుమానాలున్నవాళ్ల నోరు మూయించడానికి. ఒకటే కుర్చీ. బోర్డు ఉండకూడదు. రోడ్డు మీద రెండు కార్లకి మించకూడదు. వచ్చినవాళ్లెవరో, ఏ వేళకి వచ్చారో ఒక పుస్తకంలో రాసిపెట్టాలి, ప్రెసిడెంటు అడిగితే చూపించాలి.

"పుస్తకమా?" అంది ట్వైలా. "నేనెప్పుడూ రాయలేదే."

"ఇకనుంచి రాస్తావు."

"ఏం రాయాలి?"

"వచ్చినవాళ్లెవరో రాయి. నీకు తెలిసినట్టు రాయి."

కౌంటీ ఆఫీసు నుంచి యజమానుల జాబితా తెచ్చాను. ఒక్కో ఇల్లు వేలితో చూసుకుంటూ వెళ్లాను. నా వరస వచ్చినప్పుడు దాటేశాను. నా ఇల్లు ఎవరిదో నాకు తెలియదా.

ఆ ఆరు వారాలు నాకు హాయిగా గడిచాయి. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ గడిచాయి. నడీన్ పోయాక పొద్దున్నే లేవడానికి నాకు కారణం ఉండేది కాదు. ఆ ఆగస్టులో ఆరింటికే లేచి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, అట్ట మీద కాగితాలు బిగించుకుని బయల్దేరేవాణ్ని. మిస్సోరీ ఎండ తలకెక్కే లోపు నాలుగిళ్లు. జనం మంచినీళ్లిచ్చేవాళ్లు. ఇరవై ఏళ్లుగా చెయ్యి ఊపడం తప్ప మాట్లాడనివాళ్లు కూర్చోమనేవాళ్లు. ఎక్కువసేపు కూర్చునేవాణ్ని కాదు.

బ్యాంకులో పనిచేసే ఐలీన్‌కి నోటరీ ముద్ర ఉంది. శనివారం శనివారం ఆమె ముద్రా సిరాడబ్బా పట్టుకుని ట్వైలా గ్యారేజీలో తొట్టి పక్కన కూర్చునేది. జుట్టు కత్తిరించుకుని, సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని పోయేవాళ్లు. జుట్టు వ్యాపారం మానెయ్యమన్న నోటీసు గోడకి అంటించే ఉంది.

రెక్స్ ఓడెల్‌కీ వాళ్లావిడ లవాన్‌కీ ఆ ఏడే విడాకులయ్యాయి. ఇల్లు ఇంకా ఇద్దరి పేరు మీదే ఉంది. లవాన్ సంతకం పెట్టింది. రెక్స్ కాగితం చూసి వెనక్కి తోశాడు.

"దాని సంతకం పక్కన నాది పెట్టను."

"కింద పెట్టు."

"కిందా? ఇరవై రెండేళ్లు కిందే ఉన్నాను!"

"వేరే కాగితం ఇస్తాను. ఒక్కడివే పెట్టు. చట్టం ఒప్పుకుంటుంది."

"నిజంగానా?" పెన్ను తీసుకున్నాడు. పెట్టబోయి ఆగాడు. "అది పెద్దగా పెట్టిందా, చిన్నగా పెట్టిందా?"

"పెద్దగా."

కాగితం సగం నిండేలా పెట్టాడు. ఐలీన్‌కి ముద్ర వెయ్యడానికి చోటు మిగల్లేదు. వెనక వేసింది.

అరిజోనాలో ఉండే ఒక యజమానికి ఫోన్ చేశాను. ఇల్లు అద్దెకిచ్చుకుని మా కాలనీ మొహం చూడనివాడు. ట్వైలా పేరు చెప్పగానే, "మా అమ్మ పోయాక పెట్టెలో పడుకోబెట్టే ముందు తల దువ్వింది ఆమేగా," అన్నాడు. నాలుగో రోజు సంతకం పోస్టులో వచ్చింది. బ్యాంకు చేతిలో పడ్డ ఇంటి కోసం ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, చివరికి ఆ రికార్డు గొంతే ఫోన్ పెట్టేసింది. డాకరీ అనే ముసలామె ఫిబ్రవరిలో పోయింది. ఆమె పిల్లలు ముగ్గురూ ఇంటి కోసం కోర్టులో ఉన్నారు. ఆ రెండు ఇళ్లూ వద్దన్నట్టే.

మార్జీన్ పెల్ ఒక బుధవారం గ్యారేజీ వెనక తలుపు నుంచి వచ్చింది. ఆమె ఎప్పుడూ వెనక తలుపు నుంచే వచ్చేది. నేను అక్కడే కాగితాలు సర్దుతున్నాను.

"నాకూ ఒకటివ్వండి," అంది.

"మీ ఆయన పెట్టకపోతే అది లెక్కలోకి రాదమ్మా."

"తెలుసు. ఆ నిబంధన రోజూ భోజనం దగ్గర వింటున్నాను. అయినా పెడతాను. ఆయన ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటీ చదువుతాడుగా. నాదీ చదవాలి."

పెట్టింది. ట్వైలా ఆమె తల తొట్టిలోకి వంచి, "నీళ్లు వేడిగా ఉన్నాయా, బంగారం?" అంది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. బయటికి వచ్చేశాను.

సెప్టెంబరు పంతొమ్మిదిన నా దగ్గర ముప్పై అయిదు ఇళ్ల సంతకాలున్నాయి. నాది ముప్పై ఆరోది. ట్వైలా, నేను కట్ట పట్టుకుని పెల్ ఇంటికి వెళ్లాం. అతను భోజనాల బల్ల తుడిచి, కళ్లద్దాలు తుడిచి, కౌంటీ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో కాగితం చూశాడు. గంటన్నర. రెక్స్ కాగితం వెనకవైపు కూడా చూసి తలాడించాడు. మార్జీన్ కాగితం దగ్గర కొంచెంసేపు ఆగి, దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చివరికి ఒక కాగితం బల్ల మీద నా వైపు జరిపాడు.

"ఇది సరిపోదు, మిస్టర్ టాకెట్."

నాదే.

"ఏమైంది?"

"ఇంకో యజమాని సంతకం లేదు."

"ఇంకో యజమాని ఎవరు?"

జాబితా తిప్పి చూపించాడు. హాలిస్ టాకెట్, నడీన్ టాకెట్. దంపతులు.

ట్వైలా కుర్చీ ముందుకి జరుపుకుని జాబితా వైపు వంగింది.

"ఆమె పోయి మూడేళ్లయింది," అన్నాను. "తేదీ కావాలంటే నీ గడ్డి ఉత్తరం మీద చూసుకో."

పెల్ మొహం ఎర్రబడింది. కానీ గొంతు మారలేదు. "నాకు తెలుసు. చట్టం ప్రకారం ఇల్లు ఇప్పుడు మీ ఒక్కరిదే. కానీ రికార్డులో ఇద్దరున్నారు. రికార్డులో ఉన్నవాళ్లు అని రాసి ఉంది. మరణ పత్రం, ఒక పేజీ ప్రమాణ పత్రం, అంతే. రిజిస్ట్రారు ఆఫీసులో పావుగంట పని. ఇరవై ఎనిమిదిలోగా తెస్తే నేనే సంతకం చేసి నమోదుకి పంపిస్తాను."

అతను చెప్పింది సరిగ్గానే ఉంది. ఒక్క మాట తప్పు లేదు. మనిషిని అసహ్యించుకోవడానికి అదొక్కటి చాలు.

పావుగంట పని మూడేళ్లుగా ఎందుకు చెయ్యలేదో నాకు తెలుసు. అంత్యక్రియలవాళ్లు మరణ పత్రాలు పది ఇచ్చారు. పెన్షనుకి ఒకటి, బ్యాంకుకి ఒకటి, ఫోనుకి, కారుకి, ఇన్సూరెన్సుకి. ఎక్కడికి వెళ్లినా ఒకటి తీసుకుని, ఆమె పేరు కొట్టేసి, నన్ను పంపించారు. తొమ్మిది అయిపోయాయి. పదోది సొరుగులో ఉంచేశాను. ప్రతి నవంబరులో కౌంటీ నుంచి ఇంటి పన్ను కాగితం వస్తుంది. కవరు మీద మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉంటాయి. మా పెళ్లి శుభలేఖ మీద ఉన్నట్టు. ఇంకే ఉత్తరమూ అలా రావడం లేదు. ఏడాదికి ఒక్కటి.

దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు.

రెండు రోజులు ఇంకో ఇంటి కోసం తిరిగాను. ముప్పై ఆరోది నాదే కావాలని ఎక్కడా రాయలేదు. మూలింటివాడు తలుపు సందులోంచి, "నా జుట్టు నేనే కత్తిరించుకుంటాను," అన్నాడు. చూస్తే తెలుస్తూనే ఉంది. ఇంకొకాయన ఇవాళ జుట్టంటారు, రేపు కార్లు బాగుచేస్తామంటారు అన్నాడు. డాకరీ పిల్లల్లో ఇద్దరు ఒప్పుకున్నారు, మూడోవాడు వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఒప్పుకోలేదు. బ్యాంకుకి మళ్లీ ఫోన్ చేసి ఒకటి నొక్కాను, మూడు నొక్కాను.

సోమవారం పొద్దున్న ట్వైలా మా వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్లు చాపుకుని.

"తిరగడం ఆపెయ్, హాలిస్," అంది. ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. "ఊళ్లో ఒక షాపువాడితో మాట్లాడాను. వారానికి మూడు రోజులు కుర్చీ ఇస్తాడట."

"నిలబడగలవా?"

"నేర్చుకుంటాను."

"ఇల్లు?"

"మా చెల్లెలి పిల్లుల్లో ఒకటి చచ్చిపోయిందట. చోటు మిగిలింది."

నేను నవ్వలేదు. ఆమె నా వైపు చూడకుండా గడ్డి వైపు చూస్తూ అంది. "ఆ పేరు అక్కడ ఉండనీ. నాకేం పర్లేదు. నాకైతే ఆ మాత్రం కూడా మిగలలేదు, ట్రక్కుతో పాటు అన్నీ పట్టుకుపోయాడు."

లేచి, గోడ పట్టుకుని, మెల్లగా వెళ్లిపోయింది.

నేను మెట్టు మీదే కూర్చున్నాను. ఆఖరి ఏడాది మందులకి నడీన్ జుట్టు ఊడిపోవడం మొదలైనప్పుడు, ఉన్నది గొరిగెయ్యమని ట్వైలా దగ్గరికే వెళ్లింది. ఇంటికొచ్చి చేస్తానంటే గ్యారేజీలోనే చెయ్యమంది. "ఇక్కడైతే నువ్వు ఊడుస్తావు. అక్కడైతే హాలిస్ ఊడవాలి, వాడికి చీపురు పట్టుకోవడం రాదు," అందట. గొరిగాక ట్వైలా చిన్న అద్దం వెనక పట్టుకుని, మామూలుగా అందరినీ అడిగినట్టే, "వెనక సరిపోయిందా, బంగారం?" అందట. నడీన్ తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "వెనక ఇంకాస్త తీసెయ్," అందట. ఆ రోజు ఇద్దరూ నవ్విన నవ్వు మా ఇంటిదాకా వినిపించింది.

ఇప్పుడు పెల్ బల్ల మీద లెక్క ప్రకారం నడీన్ ఆ గ్యారేజీ మూసెయ్యమని ఓటేసింది. రికార్డులో పేరుంది, కాగితం మీద సంతకం లేదు. పన్నెండో నిబంధన. వద్దన్నట్టే.

పదహారేళ్లలో నడీన్ ట్వైలాకి ఒక్కసారి కూడా వద్దని చెప్పలేదు. పాడైపోయిన రంగు వేసినప్పుడు కూడా చెప్పలేదు. ఆ వేసవంతా ఆమె తల పసుపురంగులో ఉంది.

సొరుగు తీసి పదో పత్రం తీసుకున్నాను.

కౌంటీ ఆఫీసులో కిటికీ వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. ప్రమాణ పత్రం తనే టైపు చేసి ఇచ్చింది. సంతకం పెట్టాను. మరణ పత్రం తీసుకుని చూసి, "సారీ, సర్," అంది. తొమ్మిది చోట్లా అదే అన్నారు.

"పేరు కొట్టేస్తారా?" అన్నాను.

"దేన్ని, సర్?"

"దస్తావేజులో. ఆవిడ పేరు."

"అయ్యో, లేదు. పుస్తకంలో ఉన్నది ఎవరూ ముట్టుకోరు. మీ దస్తావేజు మీది. ఈ కాగితం వెనకాల ఇంకో పేజీగా చేరుతుంది, అంతే. రండి, చూపిస్తాను."

చూపించమని నేను అడగలేదు. తనే లోపలికి వెళ్లి లావుపాటి పుస్తకం ఒకటి మోసుకొచ్చి కిటికీ ముందు తెరిచింది. ఇరవై తొమ్మిదేళ్ల కిందటి పేజీ. నా సంతకం తొందరగా ఉంది, ఆ రోజు పనికి ఆలస్యమవుతోంది. నడీన్ సంతకం నిదానంగా, టి అక్షరం మీద అడ్డగీత చివరిదాకా లాగి ఉంది. అప్పుడామె ఇంటి గోడల రంగు గురించి ఏదో మాట్లాడుతూ సంతకం పెట్టింది.

"ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుంది, సర్. మీరెప్పుడొచ్చి అడిగినా చూపిస్తాం."

"పనివేళల్లో," అన్నాను.

"ఎనిమిది నుంచి నాలుగున్నర," అంది.

పావుగంట పట్టలేదు. పదకొండు నిమిషాలు.

ఇరవై ఏడున పెల్‌కి ముప్పై ఆరో కాగితం ఇచ్చాను, నా ఒక్కడి సంతకంతో. కాగితం చూసి, జాబితా చూసి, తన పేరు కింద సంతకం చేశాడు. ఆ మధ్యాహ్నమే తన కారులో వెళ్లి నమోదు చేయించాడు. తను ఇష్టపడని మార్పుని తనే మోసుకెళ్లాడు. మూడు రోజులు ముందుగా.

అంతకుముందు నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ ఆగాడు. "ఆ గడ్డి ఉత్తరం... ఆ వారం మీ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు."

"తెలుసుకోవాల్సింది," అన్నాను.

"అవును," అన్నాడు.

చెయ్యి చాపుతాడేమోనని నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఆ ఉత్తరం ఇంకా సొరుగులోనే ఉంది. తీసి చూసుకోవడం మాత్రం ఈమధ్య తగ్గింది. మర్చిపోతున్నాను, అంతే. వయసు.

అక్టోబరులో ట్వైలా ఏమీ మార్చలేదు. నోటీసు ఉన్నచోట కేలండరు తగిలించింది. మార్జీన్ ముందు తలుపు నుంచి రావడం మొదలుపెట్టింది. పెల్ ఆమెని దింపి, రెండు కార్ల నిబంధన ఉంది కాబట్టి, తన కారు వెనక్కి తీసుకెళ్లి తన ఇంటి ముందే పెట్టుకుని అందులో కూర్చునేవాడు. మళ్లీ గంటకి వచ్చేవాడు.

నవంబరు మూడో వారంలో పన్ను కాగితం వచ్చింది. హాలిస్ టాకెట్. అంతే. కవరు మీద కుడివైపు చాలా చోటు మిగిలింది.

అది బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని, ట్వైలా దగ్గరికి వెళ్లాను. ఆ రోజు మూడో శుక్రవారమే. కుర్చీలో ఎవరో ఉన్నారు. తొట్టి పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ మేకుకి నీలంరంగు అట్ట పుస్తకం వేలాడుతోంది, నేను రాసిన నిబంధన ప్రకారం. తీసి తిరగేశాను. ట్వైలా రాత కోడి కెలికినట్టుంది. ఒక్కరి పేరూ సరిగ్గా లేదు. తొమ్మిదింటికి పిల్లి కరిచినామె. తొమ్మిదిన్నరకి అరిచే రెక్స్. పదింటికి రెక్స్‌కి కనపడకూడని లవాన్. పదిన్నరకి వెనక తలుపు మార్జీన్.

పదకొండింటికి, నడీన్ వాళ్లాయన.

వెనక్కి తిప్పాను. అక్టోబరు మూడో శుక్రవారం, నడీన్ వాళ్లాయన. ముందుకు తిప్పాను. ఏడాది చివరిదాకా రాసేసుకుంది. డిసెంబరు, నడీన్ వాళ్లాయన.

"ప్రెసిడెంటు వచ్చి చూస్తే ఇదేంటంటాడు," అన్నాను.

"చూశాడు. పోయిన వారం." స్టూలు మీద ఇటు దొర్లింది. "వచ్చినవాళ్లెవరో తెలిస్తే చాలని రాసుందట. సరిపోతుందన్నాడు. ఏం, నీకు సరిపోదా?"

పుస్తకం మళ్లీ మేకుకి తగిలించాను. కుర్చీ ఖాళీ అయింది. కూర్చున్నాను. గుడ్డ కప్పి, తల ముందుకి వంచి, చాలాసేపు కత్తిరించింది. అయ్యాక చిన్న అద్దం వెనక పట్టుకుంది.

"వెనక సరిపోయిందా, బంగారం?"

తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

"ఇంకాస్త తీసెయ్," అన్నాను.